సంచుల కాపలా మనిషి

ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. మిగతావాళ్లంతా రైడ్ ఎక్కుతుంటే కింద కంచె పక్కన నిలబడి, ఒక భుజానికి మూడు సంచులు, రెండో భుజానికి రెండు, మెడలో ఎవరిదో కెమెరా, చేతిలో ఎవరివో చెప్పులు పెట్టుకుని పైకి చూస్తూ చెయ్యి ఊపే మనిషి. పాతికేళ్లుగా మా ఇంట్లోనూ, స్నేహితుల్లోనూ, ఆఫీసులోనూ ఆ మనిషిని నేనే. పైనుంచి వాళ్లకు నేను కనిపించేదాన్నో లేదో ఎప్పుడూ అడగలేదు. ఊపడం నా డ్యూటీ, ఊపేదాన్ని.

ఇదెలా మొదలైందో బాగా గుర్తుంది. పంతొమ్మిదో ఏట కాలేజీ వాళ్లతో వెళ్లి, గిరగిరా తిరిగే రైడ్ ఒకటి ఎక్కి, దిగీ దిగగానే చెత్తబుట్ట ఎక్కడుందా అని పరుగెత్తాను. అంతే. "తనకు తల తిరుగుతుంది, సంచులు తనకిచ్చేయండి" అన్న మాట ఆ రోజే ఖాయమైపోయింది. తర్వాత ఎవరూ నన్ను అడగలేదు, నేనూ ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఒక విధంగా సుఖమైన పదవే అది. టికెట్టు కొని లోపలికి వచ్చి, ఏ రైడూ ఎక్కకుండా సాయంత్రం దాకా నీడలో కూర్చోవచ్చు. పైగా అందరూ మెచ్చుకుంటారు.

ఈ ఏడాది నాకు 44 నిండాయి. వాడుకోకపోతే మురిగిపోయే సెలవు ఒకటి మిగిలింది. ఆ రోజు అమ్మాయికి కాలేజీ ఉంది, మా వారికి ఆఫీసు ఉంది. రాత్రి భోజనాల దగ్గర, థీమ్ పార్కుకు వెళ్లాలనుకుంటున్నానని చెప్పాను.

"ఎవరితో?" అన్నారు మా వారు.

"ఎవరితోనూ కాదు."

"మరి ఎందుకు?"

ఆయన ప్రశ్నలో తప్పేమీ లేదు. మనకు అలాంటి చోట్లకు వెళ్లడమంటే ఎవరినో తీసుకెళ్లడమే. పిల్లల్ని, చుట్టాల్ని, ఇంటికొచ్చిన అతిథుల్ని. నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే అమ్మాయి అందుకుంది. "అమ్మా, అక్కడ నువ్వేం చేస్తావు? పట్టుకోవడానికి నీకు సంచులు కూడా ఉండవు కదా!" తను నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. కానీ అప్పటిదాకా సగం సగంగా ఉన్న ఆలోచన ఆ మాటతో గట్టిపడింది.

నేను ఆడిట్ పని చేస్తాను. కాగితం చూడనిదే ఏదీ నమ్మను. కాబట్టి వెళ్లేముందు వారం రోజులు రాత్రిళ్లు కూర్చుని రోలర్ కోస్టర్ల గురించి చదివాను. భయం తగ్గుతుందని చదివాను గానీ, సగం దారిలో భయం సంగతి మరిచిపోయి చదవడంలో పడ్డాను. దీని పూర్వీకులు రష్యాలో శీతాకాలంలో కట్టే మంచు జారుడుబల్లలట. అందుకే ఫ్రెంచి వాళ్లు ఇప్పటికీ రోలర్ కోస్టర్‌ను 'రష్యా కొండలు' అంటారు. రష్యా వాళ్లు మాత్రం దాన్ని 'అమెరికా కొండలు' అంటారు. నేరం ఎవరూ ఒప్పుకోవడం లేదన్నమాట. 1884లో న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో లామార్కస్ థాంప్సన్ అనే ఆయన కట్టిన బండి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్లేదట. అంటే మనం పరుగెత్తినంత. చివర జనం దిగితే, బండిని పక్క పట్టా మీదకు మార్చాక మళ్లీ ఎక్కి వెనక్కి వచ్చేవారు. నాకు ఆ బండి అయితే చాలుననిపించింది.

నన్ను నిజంగా నిలబెట్టిన విషయం చక్రాలు. బండి పట్టా మీద ఊరికే కూర్చుని ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు. ప్రతి చోటా మూడు రకాల చక్రాలుంటాయి: పట్టా మీద నడిచేవి, పక్కనుంచి ఒరుసుకునేవి, పట్టా కిందనుంచి పట్టుకునేవి. ఆ కింది చక్రాలకు జాన్ మిల్లర్ అనే ఇంజినీరు 1919లో పేటెంటు తీసుకున్నాడు. బండి పైకి ఎగరాలన్నా కింద ఉన్న చక్రం ఎగరనివ్వదు. ఇలాంటి ఏర్పాటు నా వృత్తికి బాగా నచ్చుతుంది. ఒకరు చేసిన పనిని మరొకరు కిందనుంచి పట్టుకుని చూడటం!

ఇంత చదివాక రైడ్ల భయం ఒక కొలిక్కి వచ్చింది. మిగిలింది జనం కళ్ల భయం. నలభై దాటిన మనిషి ఒంటరిగా అక్కడ తిరుగుతుంటే ఏమనుకుంటారు? ఎవరైనా అడిగితే చెప్పడానికి మూడు అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. ఒకటి, మావాళ్లు వెనక వస్తున్నారు. రెండు, మావాళ్లు ఆ రైడ్‌లో ఉన్నారు. మూడోది చెప్పడానికి సిగ్గుగా ఉంది: నేను తనిఖీకి వచ్చాను.

మొదటి అబద్ధం గేటు దగ్గరే అవసరమైంది. టికెట్ల కిటికీలో అమ్మాయి "ఎంతమంది?" అంది. "ఒకరే" అన్నాను. తెర మీద ఏదో నొక్కబోయి ఆగి, నా వెనక్కి చూసి, "మిగతావాళ్లు?" అంది. ఆ అమ్మాయి ముఖంలో వెక్కిరింత ఏమీ లేదు, లెక్క సరిగ్గా కొట్టాలన్న శ్రద్ధ ఒక్కటే ఉంది. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "మిగతావాళ్లు లేరు. ఒక్కదాన్నే" అన్నాను. "సరేనండీ" అని ఒక టికెట్టు ఇచ్చింది. వారం రోజులు నిద్ర మానుకున్నందుకు ఆ సంభాషణ మరికాస్త పొడవుగా ఉండాల్సింది.

సెలవులు కాని రోజు చూసుకుని, గేటు తెరవడానికి అరగంట ముందే వెళ్లాను. ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఇది పెద్ద లాభం. ఎవరినీ నిద్ర లేపనక్కర్లేదు, ఎవరి స్నానమూ అయ్యేదాకా ఆగనక్కర్లేదు. గేటు తీయగానే జనమంతా దగ్గరలో కనిపించిన మొదటి రైడ్ వైపు పోతారు. నేరుగా చివరిదాకా నడిచి అక్కడినుంచి వెనక్కి రావాలని చదివాను. నడిచాను కూడా. కానీ చివరిదాకా వెళ్లాక ధైర్యం చాలక, అక్కడున్న రంగులరాట్నం ఎక్కాను. ఆ పూట దాని మీద నాతో పాటు ఉన్నది నలుగురు చిన్న పిల్లలు, వాళ్లు పడకుండా పట్టుకున్న నలుగురు పెద్దలు. నా గుర్రాన్ని పట్టుకోవడానికి ఎవరూ లేరు. కాళ్లు నేలకు తగులుతున్నాయి. రెండో చుట్టులో పక్క గుర్రం మీది పాప నన్ను చాలా సేపు పరీక్షగా చూసి, "మీ పాప ఏది?" అంది.

"ఇంట్లో ఉంది."

"పాపం" అంది.

ఆ రోజు మొత్తంలో నన్ను చూసి జాలిపడింది ఆ పాప ఒక్కతే. అది కూడా నా మీద జాలి కాదు, మా అమ్మాయి మీద.

తర్వాత జెయింట్ వీల్. పెట్టెలో ఒక్కదాన్నే కూర్చున్నాను. పైకి వెళ్లి ఆగినప్పుడు పార్కు అంతా పటంలా కనిపించింది. ఏ వరుస ఎంత పొడవుందో అక్కడినుంచి చూసుకుని, తర్వాత ఏది ఎక్కాలో తేల్చుకున్నాను. అసలు మొదటి జెయింట్ వీల్ 1893లో చికాగో ప్రదర్శనలో జార్జ్ ఫెర్రిస్ కట్టినది. 264 అడుగుల ఎత్తు, 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది. ఒక పెట్టెలో అరవై మంది! నేను నా పెట్టెలో కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. కొన్ని రైడ్ల దగ్గర, మామూలు వరుసకు పక్కగా, 'సింగిల్ రైడర్' అని బోర్డు పెట్టిన సన్నటి దారి ఒకటి ఉంటుంది. అన్ని రైడ్లకూ ఉండదు, అన్ని పార్కుల్లోనూ ఉండదు. పాతికేళ్లుగా ఇలాంటి చోట్లకు వస్తూ ఆ బోర్డును ఒక్కసారి కూడా చూడలేదు. చూసే ఉంటాను, నాకు సంబంధం లేదని వదిలేసి ఉంటాను. దాని లెక్క చాలా తేలిక. బండిలో వరుసకు నాలుగు సీట్లు. ముగ్గురు కలిసి వచ్చిన కుటుంబం ఎక్కితే ఒక సీటు మిగులుతుంది. ఐదుగురు వస్తే మూడు మిగులుతాయి. విడిపోవడానికి ఎవరూ ఒప్పుకోరు. ఆ ఖాళీలతోనే బండి వెళ్లిపోతే నష్టం కాబట్టి, మిగిలిన సీట్లలో కూర్చోబెట్టడానికి విడి మనుషులు కావాలి. ఆ విడి మనుషుల వరుస ఇది.

నీళ్ల రైడ్ దగ్గర మామూలు వరుస ముందు బోర్డు మీద 55 నిమిషాలు అని ఉంది. నేను సన్న దారిలోకి వెళ్లాను. ముందు ఇద్దరే ఉన్నారు. చివర నిలబడిన ఉద్యోగి అటు చూస్తూ లెక్కపెట్టుకుంటున్నాడు. ఇటు తిరిగి ఒక వేలు పైకెత్తాడు. ఒకరు కావాలని అర్థం. మొదటివాడు వెళ్లాడు. మళ్లీ ఒక వేలు. రెండోవాడు వెళ్లాడు. మళ్లీ వేలెత్తి నా వైపు చూశాడు. గడియారం చూసుకున్నాను, ఎనిమిది నిమిషాలు. నా జీవితమంతా లెక్కలు సరిచేశాను గానీ, లెక్కను సరిచేసే అంకె నేనే కావడం అదే మొదటిసారి.

ఈ దారికి ఒక షరతు ఉంది. ఏ వరుసలో కూర్చోవాలి, ఎవరి పక్కన కూర్చోవాలి అన్నది మీ చేతుల్లో ఉండదు. ఆ నీళ్ల రైడ్‌లో నన్ను ఒక కుటుంబం మధ్య పడేశారు. అటు తండ్రి, ఇటు ఇద్దరు పిల్లలు, వెనక బామ్మ. నేనేదో ఫొటోలో అడ్డం వచ్చిన దారినపోయే మనిషిలా ముడుచుకుని కూర్చున్నాను. పడవ కిందికి దూకగానే నీళ్లు విరుచుకుపడ్డాయి, అందరం ఒకేలా కేకలు పెట్టాం, ఒకేలా తడిశాం. దిగాక బయట తెరల మీద ఫొటోలు వేస్తారు. ఆ కుటుంబం చిత్రం మధ్యలో నేను నోరు తెరుచుకుని ఉన్నాను. వాళ్లు ఆ ఫొటో కొనుక్కున్నారు. ఇప్పుడు ఎవరి ఇంట్లోనో గోడ మీద, ఎవరికీ చుట్టం కాని నేను వేలాడుతూ ఉంటాను.

పెద్ద రోలర్ కోస్టర్ దగ్గరకు వెళ్లేసరికి పదకొండున్నర అయింది. అక్కడ వదులుగా ఉన్నవన్నీ లాకర్‌లో పెట్టాలి. ఫోను, సంచి, టోపీ, కళ్లజోడు. కళ్లజోడు అనగానే ఆగాను. నాది మైనస్ ఆరు. అది తీస్తే జానెడు దూరం దాటిన ప్రపంచమంతా నీళ్లలో కలిపిన రంగులే. తాడు కట్టుకుంటానన్నాను. కుదరదన్నారు. వాళ్లదే న్యాయం. ఆ వేగంలో ఊడి వెనకవాళ్ల ముఖానికి తగిలితే? తీసి లాకర్‌లో పెట్టి, తాళం చెవి పట్టీని మణికట్టుకు తగిలించుకుని, గోడ తడుముకుంటూ వెళ్లి వరుసలో నిలబడ్డాను.

ఈసారి పక్క సీటులో పదిహేనేళ్ల కుర్రాడు. వాడి స్నేహితులు ముగ్గురూ వెనక వరుసలో ఉన్నారు. నలుగురున్నా వీడెందుకో విడిపోయి నా పక్కన పడ్డాడు. ఒళ్లో ఇనుప కడ్డీ దిగింది. ఉద్యోగి వచ్చి దాన్ని రెండుసార్లు పైకి లాగి చూశాడు. ఆ లాగుడు కోసమే నేను కాచుకుని ఉన్నాను. బండి కదిలి, గొలుసు అందుకుంది. టక్, టక్, టక్, టక్ మని మొదలైంది. ఆ చప్పుడు గొలుసుది అనుకుంటాం. కాదు. పట్టా పక్కన రంపం పళ్లలాంటి పట్టీ ఒకటి వేస్తారు. బండి కింద ఉన్న కొక్కెం ఒక్కో పన్ను దాటుతూ పడే చప్పుడు అది. గొలుసు తెగినా సరే, కొక్కెం కింది పన్నుకు తట్టుకుంటుంది, బండి వెనక్కి జారదు. బావిలో నీళ్లు తోడుతూ తాడును కాలితో తొక్కి పట్టినట్టు.

మూడింట రెండు వంతులు ఎక్కాక చప్పుడు ఆగిపోయింది. బండి కూడా ఆగిపోయింది.

మొదటి నిమిషం అందరూ నవ్వారు. రెండో నిమిషంలో ముందు వరుసలో ఎవరో "ఏమైంది?" అని అరిచారు. పక్క కుర్రాడు కడ్డీని రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. వేళ్ల కణుపులు తెల్లగా ఉన్నాయి. పక్కనే కాబట్టి ఆ తెలుపు మాత్రం నాకు మసకగానైనా తెలిసింది. మిగతా ప్రపంచం ఏమీ కనిపించడం లేదు. ఎంత ఎత్తులో ఉన్నామో తెలియదు. కింద ఆకుపచ్చ, పైన నీలం, మధ్యలో గాలి. నాకు భయం వేయకపోవడానికి సగం కారణం ఆ కళ్లజోడు లేకపోవడమే.

"ఏమీ కాదు నాన్నా" అన్నాను. "ఈ పట్టాను ముక్కలు ముక్కలుగా విడగొడతారు. ఒక ముక్కలో ఒక్క బండే ఉండాలి. ముందు బండి తన ముక్క ఖాళీ చేయకపోతే కంప్యూటర్ మనల్ని ఇక్కడే ఆపుతుంది. రైలును సిగ్నల్ దగ్గర ఆపినట్టు. వెనక్కి జారకుండా కింద పళ్లున్నాయి."

వాడు కడ్డీ వదలకుండానే తల తిప్పాడు. "మీరు ఇంజినీరా ఆంటీ?"

"కాదు. ఆడిట్ చేస్తాను."

దానికి వాడెందుకు ధైర్యపడ్డాడో తెలియదు గానీ, పడ్డాడు. వెనక్కి తిరిగి స్నేహితులకు అదంతా తనకెప్పటినుంచో తెలిసినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. "ఆడిట్ ఆంటీ చెబుతున్నారు" అని మాత్రం చివర కలిపాడు. నాలుగు నిమిషాలకు టక్ మంది. మళ్లీ కదిలాం.

పైకి చేరాక ఒక క్షణం అంతా తేలికైపోతుంది. ఆ తర్వాత జరిగింది చూశానని చెప్పలేను. కళ్లకేమీ అందలేదు. నీలం ఉన్నచోటికి ఆకుపచ్చ వచ్చింది. కడుపు మాత్రం పైనే ఉండిపోయింది. కడ్డీకీ తొడలకూ మధ్య గాలి ఆడింది, ఒక లిప్త పాటు నేను సీటు మీద లేను. అప్పుడే కింది చక్రాలు గుర్తొచ్చాయి, వాటి పని అవి చేస్తున్నాయని. తర్వాత వచ్చింది తలకిందులు చేసే చుట్టు. 1895లో ఇదే కోనీ ఐలండ్‌లో కట్టిన అలాంటి చుట్టు ఒకటి గుండ్రంగా ఉండేది. గుండ్రం కాబట్టి లోపలికి వెళ్లేటప్పుడు ఒక్కసారిగా బరువు పడి, ఎక్కినవాళ్ల మెడలు పట్టేసేవి. ఇప్పటివి గుండ్రంగా ఉండవు, తలకిందులు చేసిన నీటిబొట్టులా ఉంటాయి. వంపు కింద వెడల్పు, పైన ఇరుకు. జర్మన్ ఇంజినీరు వెర్నర్ స్టెంగెల్ లెక్కలతో 1976లో కాలిఫోర్నియాలో కట్టినదానితో ఈ ఆకారం నిలబడింది. నాకు ఆ బొట్టు కనిపించలేదు. బరువు మాత్రం ఎవరో భుజాల మీద చేతులు వేసి నెమ్మదిగా నొక్కి వదిలినట్టు వచ్చి పోయింది.

దిగాను. చెత్తబుట్ట కోసం అలవాటుగా చుట్టూ చూశాను. అవసరం పడలేదు. తల తిరగడం లేదు. అక్కడే నిలబడి మళ్లీ ఒకసారి చూసుకున్నాను. మోకాళ్లు వణుకుతున్నాయి, గుండె కొట్టుకుంటోంది, కానీ తల తిరగడం లేదు.

ఇక్కడే నాలోని ఆడిటర్ లేచింది. పాతికేళ్లుగా పద్దుల్లో ఉన్న ఒక లెక్క తప్పని అనుమానం వస్తే ఏం చేస్తాం? మూలం తీసి చూస్తాం. పార్కు మధ్యలో కప్పుల్లాంటి గుండ్రటి గదుల్లో కూర్చుని గిరగిరా తిరిగే రైడ్ ఉంది. కాలేజీ రోజుల్లో ఎక్కినది ఇంచుమించు ఇలాంటిదే. వెళ్లి ఎక్కాను. తిప్పేవాళ్లు వేరే ఎవరూ లేరు కాబట్టి మధ్యలో చక్రాన్ని నేనే తిప్పాను, ఒక వంతు కూడా తగ్గించకుండా. రెండు నిమిషాలు. దిగాక బెంచీ చేరుకోవడానికి రెండుసార్లు ఆగాను. అరగంట సేపు కళ్లు మూసుకుని, చల్లటి నీళ్ల సీసాను మెడకు ఆనించుకుని కూర్చున్నాను. చెవి లోపల ద్రవం ఉంటుంది. మనం తిరుగుతూ ఉంటే అదీ తిరుగుతుంది. మనం ఆగాక కూడా అది కాసేపు ఆగదు. కళ్లేమో ఆగామని చెబుతాయి, చెవేమో ఇంకా తిరుగుతున్నామని చెబుతుంది. ఆ తగాదాలో నలిగేది కడుపు.

అంటే తల తిరుగుతుందన్న మాట అబద్ధం కాదు. తిరిగేవాటి మీద తిరుగుతుంది. ఎక్కి దూకేవాటి మీద తిరగదు. రెండూ వేర్వేరు ఖాతాలు. ఒక ఖాతాలో వచ్చిన నష్టాన్ని పాతికేళ్లు రెండో ఖాతాలో రాసుకున్నాను. పక్కన ఎవరైనా ఉంటే ఇది తేలేది కాదు. ఒకసారి దిగి తూలితే చాలు, "చెప్పానా!" అని సంచులు చేతికిచ్చేవారు.

ఒంటరిగా వెళ్లడంలో అంతా సుఖమేనని చెప్పను. మరుగుదొడ్డికి వెళ్లాలంటే వరుసలో చోటు వదులుకోవాల్సిందే, కాపలా ఉండేవాళ్లు ఉండరు. ఫోను ఛార్జింగ్ అయిపోతే అయిపోయినట్టే, టికెట్టు కూడా అందులోనే ఉంటే మరీ ఇబ్బంది. అందుకే నేను కాగితం మీద కూడా ఒకటి ఉంచుకున్నాను. అన్నిటికంటే కష్టమైంది, చెప్పుకోవడానికి మనిషి లేకపోవడం. రోలర్ కోస్టర్ దిగగానే "చూశావా!" అనాలని నోరు లాగుతుంది. పక్కకు తిరిగితే ఎవరూ ఉండరు. ఇంటికి ఫోను చేశాను. ఇద్దరూ ఎత్తలేదు. ఆ పది నిమిషాలు మాత్రం, ఆయన అడిగిన "మరి ఎందుకు?" అనే ప్రశ్న చెవిలో మోగింది.

మధ్యాహ్నం నిలువుగా పడేసే టవర్ దగ్గర పాతిక నిమిషాలు నిలబడ్డాను. లెక్క తెలుసు: 30 మీటర్లు ఏ ఆటంకమూ లేకుండా పడితే రెండున్నర సెకన్లు, అప్పటికి వేగం గంటకు 87 కిలోమీటర్లు. లెక్క తెలిసినా లాభం లేకపోయింది. నా ముందు ఆరుగురు ఉన్నారనగా, వద్దనిపించింది. పక్కనున్న చిన్న గేటు తీసుకుని బయటికి వచ్చేశాను. ఎందుకని అడిగినవాళ్లు లేరు, పిరికిదానివని అన్నవాళ్లు లేరు, పోనీలే అని ఓదార్చినవాళ్లు కూడా లేరు. ఆ ఓదార్పు లేకపోవడమే ఎక్కువ హాయిగా ఉంది. అక్కడినుంచి నేరుగా మళ్లీ నీళ్ల రైడ్‌కు వెళ్లి, రెండోసారి తడిసి వచ్చాను.

సాయంత్రం ఐదున్నరకు నా చిన్న పుస్తకంలో లెక్క వేసుకున్నాను. వరుసల్లో గడిచింది 2 గంటల 40 నిమిషాలు. రైడ్ల మీద గడిచింది 31 నిమిషాలు, అందులో నాలుగు నిమిషాలు గాల్లో ఆగిపోయి. బెంచీల మీద రెండు గంటలకు పైగా. బెంచీల అంకె చూసి నవ్వొచ్చింది. పాత ఉద్యోగం పూర్తిగా వదల్లేదు.

ఆ లెక్క వేసుకుంటున్న బెంచీ పెద్ద రోలర్ కోస్టర్ ఎదురుగా ఉంది. రెండో చివర అరవై దాటిన పెద్దాయన కూర్చుని ఉన్నారు. చుట్టూ ఆరు సంచులు, ఒళ్లో ఒక బొమ్మ, పక్కన చంటిపిల్ల బూట్లు. సంచుల పట్టీలన్నీ ఒకదానిలోంచి ఒకటి దూర్చి, చివరి పట్టీని తన కాలికి చుట్టుకున్నారు. ఆ పద్ధతి చూడగానే పని తెలిసిన మనిషని అర్థమైంది. నేనూ అలాగే చేసేదాన్ని.

"మీవాళ్లు పైన ఉన్నారా అమ్మా?" అన్నారాయన, నా ఒక్క సంచి వైపు చూస్తూ.

పొద్దుటి అబద్ధాలు మూడూ గుర్తుకు రాలేదు. "లేదండీ. నేనే ఉండి వచ్చాను. ఒక్కదాన్నే వచ్చాను."

ఆయన ఆశ్చర్యపోలేదు. "ఎలా ఉంది?" అన్నారు. చెప్పాను. పొద్దున్నుంచి ఎవరికీ చెప్పుకోలేనిదంతా ఆయనకు చెప్పాను. టక్ టక్ చప్పుడు, పళ్ల పట్టీ, ఆగిపోవడం, కుర్రాడు, గాల్లో తేలిన ఆ లిప్త. ఆయన రోలర్ కోస్టర్‌ను, నన్ను మార్చి మార్చి చూస్తూ విన్నారు.

"మీరు ఒకసారి వెళ్లి రండి. సంచులు నేను చూస్తాను" అన్నాను.

"నాకు వద్దమ్మా" అన్నారు వెంటనే. "తల తిరుగుతుంది."

"చివరిసారి ఎప్పుడు ఎక్కారు?"

ఆయన ఏదో లెక్కపెట్టబోయారు. బొటనవేలు మొదటి కణుపు దగ్గరే ఆగిపోయింది. కాసేపటికి నవ్వి, బొమ్మను ఒళ్లో సర్దుకున్నారు. నేను ఇంకేమీ అనలేదు. అనడానికి నేనెవరిని? పాతికేళ్లలో నాకెవరైనా అలా చెప్పి ఉంటే, ముందు సంచులు గట్టిగా పట్టుకునేదాన్ని.

మూసేయడానికి ఇంకా ముప్పావు గంట ఉంది. ఎదుటి బోర్డు మీద 15 నిమిషాలు అని చూపిస్తోంది. లేచాను. లాకర్లు అటు చివర ఉన్నాయి, వెళ్లి రావడానికే ఐదు నిమిషాలు. నేను అటు చూడటం ఆయన గమనించారు.

"లాకర్ దాకా ఎందుకమ్మా? ఎలాగూ నేనిక్కడే ఉంటాను" అని చెయ్యి చాపారు.

సంచి ఇచ్చాను. దాని పట్టీని మిగతావాటిలోకి దూర్చి ముడి బిగించారు. కళ్లజోడు తీసి ఇచ్చాను. దాన్ని మడిచి, తన జేబు రుమాలులో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని బొత్తాం వేసుకున్నారు. అంత జాగ్రత్తగా నేను కూడా ఎప్పుడూ ఎవరి వస్తువూ పెట్టలేదు.

ఈసారి నన్ను ఆఖరి వరుసలో కూర్చోబెట్టారు. ఆఖరి వరుసకు దూకుడు ఎక్కువ. ముందు సగం బండి కొండ దాటి కిందికి లాగుతూ ఉండగా మనం శిఖరం దాటుతాం కాబట్టి. బండి గొలుసు అందుకుంది. టక్, టక్, టక్. సగం ఎక్కాక తల తిప్పి కిందికి చూశాను. బెంచీ ఉండాల్సిన చోట గోధుమరంగు మరక, దాని పక్కన ఏవో రంగుల చుక్కలు. సంచులై ఉంటాయి. అందులో తెల్లగా ఏదో అటూ ఇటూ కదిలింది. ఆయన చెయ్యో, చెట్టు వెనక ఎగిరిన కాగితమో తెలియలేదు. ఒక చెయ్యి కడ్డీ మీదినుంచి తీసి, నేను కూడా ఊపాను.